షుగర్‌కి గ్యాస్ట్రిక్ బైపాస్: చేయించుకోవచ్చా, వద్దా?

గోదారిగట్టు:
వయసు 43, బరువు 121 కిలోలు. తొమ్మిదేళ్లుగా షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. డాక్టరుగారు గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకోమంటున్నారు. మా ఆవిడేమో "బాగున్న పొట్టను కోయించుకోవడమేంటి" అని ససేమిరా అంటోంది. చేయించుకున్నవాళ్లు, చేయించుకుని తిట్టుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఉప్పుచేప:
వద్దు బాసూ. మా అక్కకి 2017లో చేయించాం. మొదటి ఏడాది 38 కిలోలు తగ్గింది, చుట్టాలంతా మెచ్చుకున్నారు. మూడో ఏడు నుంచి మెట్లెక్కితే ఆయాసం, హిమోగ్లోబిన్ 7. పోయినేడు ఓ అర్ధరాత్రి బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. దగ్గర్లోని ఆసుపత్రిలో గ్యాస్ అని ఇంజెక్షనిచ్చి పంపేశారు. తెల్లారి సీటీ స్కాన్ తీస్తే లోపలి సందులో పేగు ఇరుక్కుపోయి ఉంది. మళ్లీ కోత.

పెసరట్టు:
నాకు చేసి ఆరేళ్లయింది. పదో రోజుకే ఇన్సులిన్ ఆపారు, ఇప్పటికీ షుగర్‌కి ఒక్క మాత్రతో సరి. పొట్ట పైభాగాన గుడ్డంత సంచి కట్టి చిన్నపేగుకు కలుపుతారు. ఐరన్, కాల్షియం బాగా పట్టే మొదటి పేగు ముక్కకి తిండి తగలదు. అందుకే బతికున్నన్నాళ్లూ ఐరన్, కాల్షియం మాత్రలు; పొట్ట చాలావరకు పక్కకి పోతుంది కాబట్టి బీ12 కూడా. ఐరన్, కాల్షియం కలిపి మింగకూడదు, రెండు గంటలు ఎడం. అడిగానని అనుకోవద్దు, అక్కగారు మాత్రలు ఎప్పుడు మానేశారు?

ఉప్పుచేప:
ఏడాదిన్నరకి. బాగానే ఉన్నాగా అని. ఆపరేషన్‌కి ముందు రోజూ రెండేసిసార్లు ఫోన్ చేసిన ఆసుపత్రివాళ్లు తర్వాత ఒక్కసారీ చేయలేదు మరి. అయినా పేగు ఇరుక్కోవడానికీ మాత్రలకీ సంబంధమేంటి?

పెసరట్టు:
లేదు, ఒప్పుకుంటా. పేగును మార్చి కలిపినచోట లోపల సందులు మిగులుతాయి, ఒళ్లు తగ్గితే లోపలి కొవ్వు కూడా కరిగి అవి వదులవుతాయి. ఆపరేషన్‌లోనే వాటిని కుట్టేస్తే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. కష్టాలు నాకూ ఉన్నాయి. మా మరదలి పెళ్లిలో రెండు బూరెలు తిన్నా. తీపి గబుక్కున పేగులోకి దిగిపోయి పావుగంటలో చెమటలు, గుండె దడ. పెళ్లికొడుకు తాళి కడుతుంటే నేను వెనక గదిలో చాప మీద పడున్నా. అయినా 2007లో వచ్చిన స్వీడన్ అధ్యయనం చూడండి, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో, చేయించుకోనివాళ్లకంటే చావులు తక్కువ.

ఉప్పుచేప:
ఆ స్వీడన్‌ వాళ్లలో బైపాస్ అయినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లవి వేరే రకం ఆపరేషన్లు. సగం చెప్పకండి.

నైట్‌డ్యూటీ:
క్యాజువాలిటీలో పనిచేస్తా. బైపాస్ అయినవాళ్లు కడుపునొప్పితో వస్తే ముందు ఆ మాట చెప్పాలి. చెప్పకపోతే మేమూ గ్యాసనే అనుకుంటాం. ఒంటినొప్పులకని డైక్లోఫినాక్ లాంటివి వేసుకోవద్దు. సంచిని పేగుకు కలిపిన కుట్టు దగ్గర పుండు పడుతుంది. సిగరెట్‌ కూడా అంతే.

గోదారిగట్టు:
అన్నీ మా ఆవిడ పక్కనే కూర్చుని చదివింది. చివరి మాట దగ్గర ఆగి నావైపు చూసింది. రోజుకు ఆరు కాలుస్తానండీ. ఆ సంగతి డాక్టరుగారు అడగలేదు, నేనూ చెప్పలేదు.