సఫిక్సుల పట్టిక బట్టీ పట్టించాలా, వద్దా?

పలాస అమ్మ:
మా వాడు ఏడో తరగతి. నౌన్ చివర ఫుల్, లెస్, అస్, ఏబుల్ చేర్చి అడ్జెక్టివ్ చేసే పట్టిక గడగడా అప్పజెప్పేస్తాడు. నిన్న ‘ప్రైస్‌లెస్’ అంటే ఏంట్రా అని అడిగితే, “ధర లేనిది” అన్నాడు. ధర రాలేదని వాళ్ల నాన్న అమ్మకుండా ఉంచిన జీడిపిక్కల బస్తాలు చూపించి, “మన పిక్కల్లాగ” అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ పట్టికతో నిజంగా ఇంగ్లీషు వస్తుందా?

బొబ్బిలి మాస్టారు:
పట్టికను తప్పు పట్టకండమ్మా. మన పల్లె పిల్లలకు ఇంట్లో ఇంగ్లీషు వినబడదు. హెల్ప్ ఒక్కటి తెలిస్తే హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ రెండూ చేతికొస్తాయి. స్పెల్లింగూ అంతే. ఫుల్ విడిగా ఉంటే రెండు ఎల్‌లు, మాట చివర చేరితే ఒక్కటే. బ్యూటీకి ఫుల్ చేర్చితే వై పోయి ఐ వస్తుంది. చెప్పకపోతే పిల్లలు ‘కేర్‌ఫుల్’లో రెండు ఎల్‌లు రాసేస్తారు. ఏటా దిద్దుతున్నాను.

విజయనగరం డిగ్రీ విద్యార్థిని:
స్పెల్లింగ్ వరకు ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ ఏ మాటకు ఏది చేరుతుందో పట్టిక చెప్పదు. డేంజర్‌కు అస్, బ్యూటీకి ఫుల్. ఫుల్, లెస్ పాత ఇంగ్లీషువి. అస్, ఏబుల్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చాయి. పోనీ, పుట్టుక చూసి చెబుదామంటే బ్యూటీ కూడా ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే! పైగా అర్థాలు మారిపోతాయి. ఒక ఇంటర్వ్యూలో ఇంటి ఆర్థిక ఇబ్బందుల గురించి చెబుతూ ‘ఎకనామికల్ ప్రాబ్లమ్స్’ అన్నాను. ఎకనామికల్ అంటే పొదుపైనది, ‘ఎకనామిక్’ అనాలని అక్కడే సరిదిద్దారు. రెండూ నా పట్టికలో పక్కపక్కనే ఉండేవి.
అక్కా, మీ అబ్బాయికి తెలుగులోంచే చెప్పండి. ‘వెలలేని నగ’ అంటే చవక నగ అనుకోం కదా. వెల అన్నా ధర అన్నా ఒకటే, అయినా ‘ధర లేని పంట’ వేరు. ఇది మనకు ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు, వింటూ పెరిగాం.

బొబ్బిలి మాస్టారు:
ఈ వెలలేని మాట బాగుందమ్మా, రేపు క్లాసులో చెబుతాను. పట్టిక మాత్రం తీసెయ్యను. ఒక్కో మాట పక్కన ఒక వాక్యం కూడా రాయిస్తాను.

పలాస అమ్మ:
ఇప్పుడే వాడి నోట్సులో ప్రైస్‌లెస్ ఎదురుగా ‘వెలలేని’ అని రాయించాను. కింద వర్త్‌లెస్ చూపించి, “ఇదీ అంతేనా అమ్మా?” అన్నాడు. కాదు, అది పనికిరానిదే అన్నాను. మాస్టారూ, ఇలాంటి జంటలు ఇంకో పది ఉంటే పెట్టండి, ఈ ఆదివారం కూర్చోబెడతాను.