బరంపురంలో ఇల్లు కొంటున్నాము: చూసినప్పుడు నచ్చి, ఉండగా ఉండగా నచ్చకుండా పోయేవి ఏమిటి?

ప్రశ్న (బరంపురం నివాసి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఉద్యోగరీత్యా ముప్ఫై ఏళ్ళ క్రితం బరంపురం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం మాది. ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఇప్పుడు సొంత ఇల్లు కొందామని ఆరు నెలలుగా తిరిగి, పదకొండు ఇళ్ళు చూసి, చివరకు రెండింటి దగ్గర ఆగాము.

మొదటిది ఊరి నడుమ ఉన్న పాత వీధి ఇల్లు. వెడల్పు 14 అడుగులు, పొడవు 90 అడుగులు. ముందు అరుగు, తరువాత సావిడి, దాని వెనుక వరసగా మూడు గదులు, ఆపైన వంటిల్లు, పెరట్లో నుయ్యి, చివరన మరుగుదొడ్డి. రెండు పక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలే. రెండవది ఊరి చివర కొత్త లేఅవుటులో పన్నెండు ఇళ్ళ వరుసలో ఒక డూప్లెక్స్. పై కప్పు దాకా ఎత్తుగా ఉన్న హాలు, ఆ హాల్లోంచే మెట్లు, హాలుకు ఎదురుగా గోడ లేని వంటగది, నిగనిగలాడే తెల్లని టైల్స్, నిలువెత్తు అద్దాల కిటికీలు ఉన్నాయి. పడకగదులు రెండూ పైనే.

మా అమ్మగారికి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఆవిడకు పాత ఇల్లు నచ్చింది, నా భార్యకు కొత్తది నచ్చింది. ఇంట్లో చేరిన తరువాత మీకు నచ్చకుండా పోయినవి ఏమిటో, వాటిలో డబ్బు ఖర్చు పెడితే బాగయ్యేవి ఏవో, ఎంత పెట్టినా బాగు కానివి ఏవో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (రాయగడ, విశ్రాంత ఇంజనీరు)

బాబూ, మీ ప్రశ్నలోని చివరి వాక్యమే అసలు విషయం. రంగు, టైల్స్, కుళాయిలు, వంటగట్టు రాయి వంటివి ఎంత వికారంగా ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు మార్చుకోవచ్చు. మెట్ల వాలు, గదిలోకి వెలుతురు వచ్చే దారి, మరుగుదొడ్డి ఉన్న చోటు, గదుల మధ్య ఎత్తుపల్లాలు మాత్రం ఇల్లు ఉన్నంతకాలం మీతోనే ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళు కట్టడాల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ రెండవ రకాన్ని గురించే చెబుతాను.

ముందుగా మెట్లు. నివాస గృహాలలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లకు, అంటే ఏడున్నర అంగుళాలకు మించరాదనీ, పాదం పెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లకు, అంటే సుమారు పది అంగుళాలకు తగ్గరాదనీ జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఇది హద్దు మాత్రమే, సౌకర్యం కాదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఆరంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల పాదం ఉంటే నయం. డూప్లెక్స్‌లలో హాలు పెద్దదిగా కనిపించాలని మెట్లను ఇరుకుచేసి నిటారుగా లేపుతారు. టేపు తీసుకువెళ్ళి ప్రతి మెట్టునూ కొలవండి. అన్నీ ఒకే ఎత్తులో లేకపోతే అది మరింత ప్రమాదం, ఎందుకంటే కాలు మొదటి రెండు మెట్ల లెక్కకు అలవాటుపడి, తేడా ఉన్న మూడవ మెట్టు దగ్గర తడబడుతుంది. హాలు రెండు మెట్లు దిగువన ఉండడం, భోజనాల గది ఒక మెట్టు పైన ఉండడం కూడా ఇలాంటి ఇబ్బందే.

ఇక వెలుతురు. మన తీరప్రాంతం వంటి ఉక్కపోత వాతావరణంలో కిటికీలూ వెంటిలేటర్లూ కలిపి గది నేల వైశాల్యంలో ఆరవ వంతు ఉండాలని అదే నియమావళి అంటుంది. 10 అడుగులకు 12 అడుగుల గదికి లెక్క వేస్తే 20 చదరపు అడుగులు వస్తుంది. నాలుగడుగులకు అయిదడుగుల కిటికీ ఒకటి పెడితే సరిపోయిందనిపిస్తుంది కాని, అది రెండు పలకల స్లయిడింగ్ కిటికీ అయితే ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. వెలుతురు 20 చదరపు అడుగుల మేరా వస్తుంది, గాలి మాత్రం 10 చదరపు అడుగుల మేరే. రెక్కలు పూర్తిగా తెరుచుకునే పాత చెక్క కిటికీని అందుకే నేను నేటికీ మెచ్చుకుంటాను.

పాత ఇంటి నడిమి గదులు మిమ్మల్ని ఎక్కువగా బాధపెడతాయి. పక్కలు రెండూ ఉమ్మడి గోడలైతే కిటికీ పెట్టే చోటే లేదు. అయితే ఒకటి పరిశీలించండి. ఇలాంటి పొడుగాటి ఇళ్ళలో పూర్వం నడుమ ఆకాశం కనిపించే మండువా ఉండేది. తరువాతి వారు ఒక గది కలిసివస్తుందని దానిపై స్లాబు వేసేశారు. మూడు గదులలో ఒకదాని నేల కాస్త పల్లంగా ఉందేమో, మూలలో నీరు పోయే తూము ఆనవాలు ఉందేమో చూడండి. ఉంటే ఆ కప్పును మళ్ళీ తెరవడం సాధ్యం కావచ్చు. దూలాలు ఎటు నుంచి ఎటు ఉన్నాయో చూడకుండా స్లాబును కోయించవద్దు, కట్టడం తెలిసిన ఇంజనీరును తీసుకువెళ్ళండి.

వీధి ఇంటి పెరట్లో నుయ్యి, మరుగుదొడ్డి రెండూ ఉన్నాయన్నారు. మరుగుదొడ్డి మురుగు ఇంకే గుంటకూ తాగునీటి నూతికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగుల దూరం ఉండాలి. మీరు చెప్పిన పొడవులో, పెరట్లో అంత దూరం వచ్చే వీలు లేదు. ఆ నూతి నీటిని కడుగుళ్ళకే వాడుకోండి, తాగడానికి వద్దు.

జవాబు 2 (పర్లాకిమిడి, గృహిణి)

తమ్ముడూ, ఇంజనీరుగారు చెప్పిన మెట్ల సంగతి పూర్తిగా నిజం. నేను వంటింటి వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు అందరూ హాల్లో నిలబడి మాట్లాడతారు గాని వంటింట్లో పది నిమిషాలు నిలబడినవారిని నేను చూడలేదు.

గోడ లేని వంటగది మాకు ఎనిమిదేళ్ళుగా ఉంది. పోపులో ఎండుమిర్చి వేగిన ఘాటు, చేపలు వేయించిన వాసన హాల్లోని పరదాలకూ, సోఫా గుడ్డకూ పట్టేస్తుంది. చిమ్నీ పెట్టించాము. పొగను కొంత లాగుతుంది, వాసనను అంతగా లాగదు. మూడేళ్ళ తరువాత అద్దాల తలుపులు బిగించుకున్నాము కాబట్టి ఇది బాగు చేసుకోగలిగిన లోపమే. బాగు చేసుకోలేనిది వేరే ఉంది. మా వంటగదికి వెనుక తలుపు లేదు. గిన్నెలు తోమే చోటు, చేపలు కడిగే చోటు, గ్రైండరు పెట్టే చోటు, తడి బట్టలు వానాకాలంలో ఆరవేసే చోటు ఇంట్లో ఎక్కడా లేవు. అన్నీ ఒక్క సింకులోనే జరగాలి. ఇల్లు గీసినవారికి ఈ పనులు ఇంట్లో జరుగుతాయని తోచనేలేదు. నా మాట వింటే, పెరడు ఉన్న ఇంటిని తేలికగా వదులుకోవద్దు.

కిటికీలపై సన్‌షేడ్ ఉందో లేదో తప్పక చూడండి. ముఖభాగం సాపుగా, పెట్టెలా కనిపించాలని ఇప్పుడు చాలా ఇళ్ళకు సన్‌షేడ్ వేయడం మానేశారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పడకగదిలోని స్లయిడింగ్ కిటికీ అద్దం పగలలేదు గాని, దాని అడుగు పట్టాలో నీరు నిండి రాత్రంతా గదిలోకి కారుతూనే ఉంది. మంచం కింద పెట్టిన బియ్యం బస్తాలు తడిసిపోయాయి. పట్టాకు బయటివైపు రంధ్రాలు లేకపోవడం ఒక కారణం, పైన నీడ లేకపోవడం మరొక కారణం.

స్నానాలగది తలుపు భోజనాల బల్లకు ఎదురుగా తెరుచుకుంటుందేమో కూడా చూసుకోండి. చుట్టాలు వచ్చిన రోజున ఆ ఇబ్బంది ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు.

జవాబు 3 (గుణుపురం, ఉపాధ్యాయుడు)

అక్కగారి మాటతో ఒక్క చోట నేను విభేదిస్తున్నాను. మా ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, మేమిద్దరమూ ఉద్యోగస్తులమే. వంట చేస్తూ పిల్లలను కనిపెట్టుకునే వీలు గోడ లేని వంటగది వల్లనే మాకు కలిగింది. వేపుళ్ళు తగ్గించుకున్నాము. ఎవరి ఇంటి వంట ఎలాంటిదో దానిని బట్టి ఈ ఏర్పాటు నచ్చడమో నచ్చకపోవడమో ఉంటుంది.

నిగనిగలాడే టైల్స్ విషయంలో మాత్రం రెండో మాట లేదు. తడి పాదంతో అడుగు వేస్తే జారిపోతాయి. మా నాన్నగారు అలాగే పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. స్నానాలగదిలోనూ, దాని గుమ్మం ముందూ గరుకు టైల్స్ వేయించండి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి.

జవాబు 4 (ఛత్రపురం)

సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి ఒక్క మాట. ఉప్పుగాలికి ఇనుప గ్రిల్స్, బాల్కనీ రెయిలింగులు త్వరగా తుప్పు పడతాయి. కొత్త రంగు కింద తుప్పు దాచి చూపించే ఇళ్ళు ఉంటాయి కాబట్టి, గ్రిల్ గోడలో దిగిన చోట గోటితో గీకి చూడండి.

ఇంకొకటి. ఆ డూప్లెక్స్ పన్నెండు ఇళ్ళ వరుస అన్నారు కాబట్టి రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు ఉందేమో అడగండి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ళలోగా కట్టడంలో గాని పనితనంలో గాని లోపం బయటపడి, మీరు దానిని తెలియజేస్తే, కట్టినవారు ముప్ఫై రోజులలో సొంత ఖర్చుతో సరిచేయాలి. పాత ఇంటికి ఆ రక్షణ ఉండదు. ఉమ్మడి గోడలో చెమ్మ వస్తే పొరుగువారితో మీరే మాట్లాడుకోవాలి.

ప్రశ్న అడిగిన వారి తిరుగు జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు అమ్మగారినీ, నా భార్యనూ, టేపునూ తీసుకుని రెండు ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాము.

డూప్లెక్స్ మెట్లు ఎనిమిదింపావు అంగుళాల ఎత్తు, పాదం తొమ్మిదంగుళాలు. అమ్మగారు అయిదు మెట్లు ఎక్కి, రెయిలింగు పట్టుకుని ఆగిపోయారు. కింద పడకగది ఏర్పాటు చేయాలంటే హాల్లోనే గోడ కట్టాలి. పడమటి వైపు నిలువెత్తు అద్దాలకు సన్‌షేడ్ లేదు. ఆ వేళకే హాల్లో నిలబడలేకపోయాము.

పాత ఇంటిలో సావిడి దాటిన రెండవ గదిలో దీపం వేస్తే తప్ప మనిషి కనిపించడు. కాని ఇంజనీరుగారు చెప్పిన తూము ఆ గది ఈశాన్య మూలలో, పాత చెక్కపెట్టె కింద దొరికింది. పక్కింటి పెద్దావిడను అడిగితే, తమ ఇంట్లో నేటికీ ఉన్న మండువాను లోపలికి పిలిచి చూపించారు. మా గదికి గోడ అవతల సరిగ్గా అదే చోటు. ఆ ఎండలో కూడా అక్కడ చల్లగా ఉంది. నా భార్య చాలాసేపు అక్కడే నిలబడి, మన ఇంట్లో కూడా దీనిని తెరిపించగలిగితే తనకు అభ్యంతరం లేదని చెప్పింది.

ఆదివారం ఇంజనీరు వచ్చి స్లాబునూ దూలాలనూ చూస్తారు. తెరవవచ్చునని ఆయన అంటేనే బయానా ఇస్తాము. మరుగుదొడ్డి 80 అడుగుల దూరంలో ఉండడం అమ్మగారికి కష్టం కాబట్టి, మండువా పక్క గదికి ఆనుకుని ఒకటి కట్టించి, గరుకు టైల్స్, గోడకు కడ్డీ వేయించాలని అనుకుంటున్నాము. దాని గొట్టాన్ని ఉమ్మడి గోడకు తగలకుండా, నేల కింద నుంచి పెరటి దాకా ఎంత వాలుతో తీసుకువెళ్ళాలో ఇంజనీరుగారు చెబితే ఆ కొలతలు రాసుకుంటాను.

జవాబు 1 నుంచి (రాయగడ, విశ్రాంత ఇంజనీరు)

నాలుగంగుళాల గొట్టమైతే నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వండి. వంపు తిరిగిన ప్రతి చోటా తెరిచి శుభ్రం చేసుకునే గది కట్టించండి. గదుల కిందుగా పోయే భాగంలో అతుకులు వీలైనంత తక్కువగా ఉండాలి, గచ్చు వేయకముందే నీరు నింపి పరీక్షించాలి.