లాంగ్ బ్రాంచ్ 1943 త్రీ నాట్ త్రీ: అడుగుతున్న ధరకు తగినదేనా?

కొత్తచేతులు:

లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 మార్క్ 1 స్టార్ రైఫిల్. కెనడాలోని లాంగ్ బ్రాంచ్ కర్మాగారం తయారీ, 1943. బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి వెనక ఉన్న నంబరు, రిసీవర్ (బోల్ట్ ఇమిడే నడుమ భాగం) మీది నంబరు ఒకటే. ముందు కర్ర అడుగున మాత్రం వేరే నంబరు ఉంది. వెనక సైటు రెండు కన్నాలది, పైకీ కిందికీ మడిచే రకం. ఇలాంటివి ఈమధ్య అమ్ముడైన ధరల కంటే అమ్మేవాడు పాతిక శాతం ఎక్కువ చెబుతున్నాడు. కారణం అడిగితే "నంబర్లు కలిశాయి, బ్యారెల్ అద్దంలా ఉంది" అంటున్నాడు. బ్యారెల్ లోపల రెండే గాడులు ఉన్నాయి, అది లోపమేనా? అతని దగ్గరే నంబర్ 5 జంగిల్ కార్బైన్ కూడా ఉంది, దానికి ఇంకా ఎక్కువ అడుగుతున్నాడు.

కొనేది అప్పుడప్పుడు రేంజిలో కాల్చడానికి. ఒక గంట చేతిలో పెట్టి చూడనిస్తానన్నాడు. ఆ గంటలో ఏది ముందు చూడాలి? ఏది కనబడితే బేరం ఆడకుండా లేచి వచ్చేయాలి?

వెయ్యోవంతు:

గంట చాలు. ముందు బోల్ట్ తెరిచి, చాంబర్ (తూటా కూర్చునే గది) కళ్లతో చూసి, వేలితో తడిమి, మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టండి. తర్వాత కర్ర మెరుపు, ముద్రలు ఏవీ పట్టించుకోకుండా సరాసరి బోల్ట్ నడిచే పట్టా దగ్గరికి వెళ్లండి. స్టార్ రకానికి ఉన్న అసలు జబ్బు అక్కడే.

మార్క్ 1లో బోల్ట్ తీయడానికి స్ప్రింగుతో పనిచేసే చిన్న మీట ఉండేది. యుద్ధకాలంలో పని తగ్గించుకోవడానికి మార్క్ 1 స్టార్‌లో దాన్ని ఎత్తేసి, కుడివైపు పట్టా ముందు భాగంలో ఒక గంటు కోశారు. బోల్ట్‌ను ఆ గంటు దాకా లాగి బోల్ట్ హెడ్‌ను (బోల్ట్ ముందు కొసన బిగించే ముక్క) పైకి తిప్పితే బయటికి వచ్చేస్తుంది. సుళువే, కానీ గంటు పక్కన పట్టా అంచు పల్చగా మిగిలింది. బోల్ట్ ఆడిన ప్రతిసారీ హెడ్ ఆ మూలను ఒరుసుకుంటూ పోతుంది, కొన్నేళ్లకు మూల చిట్లుతుంది. అప్పుడు వేగంగా బోల్ట్ ఆడిస్తే హెడ్ దానంతటదే పట్టా వదిలి పైకి లేస్తుంది.

టార్చి, భూతద్దం తీసుకెళ్లండి. గంటుకు రెండు పక్కలా అంచు పదునుగా, సూటిగా ఉండాలి. గుండ్రంగా అరిగి ఉన్నా, గోరంత ముక్క లేచిపోయినా అనుమానించండి. తర్వాత హెడ్‌ను వేలితో పైకి ఒత్తుతూనే బోల్ట్‌ను పది పదిహేనుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించండి. గంటు దగ్గర తప్ప ఇంకెక్కడా లేవకూడదు. లేస్తే వేరే హెడ్ పెట్టి మళ్లీ చూడండి. అప్పుడు నిలబడితే తప్పు హెడ్‌ది, మార్చుకోవచ్చు. అప్పుడూ లేస్తే తప్పు పట్టాది. పట్టా అంటే రిసీవరే. వెల్డింగు పెట్టి నింపే వాళ్లు ఉన్నారు గానీ దానికయ్యే ఖర్చు, పోయే విలువ కలిపితే తుపాకీ మిగలదు. లేచి వచ్చేయాల్సిన మొదటి కారణం ఇదే.

రెండోది హెడ్ స్పేస్. .303 తూటా వెనక అంచు మీద ఆగుతుంది కాబట్టి ఆ అంచుకు బోల్ట్ ముఖం ఎంత చోటు వదులుతోందన్నదే లెక్క. 0.064 అంగుళం గేజు (చాంబర్‌లో పెట్టి చూసే కొలత బిళ్ల) మీద బోల్ట్ మూసుకోవాలి. వాణిజ్య లెక్కలో 0.067 మీద మూసుకోకూడదు. సైన్యం చెయ్యి కాస్త ధారాళం, 0.074 మీద మూసుకోకపోతే చాలనేది. ఎక్స్‌ట్రాక్టర్ (తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) తీసేసి, ఒక్క వేలి బరువుతో మాత్రమే మూయండి. ఈ బోల్ట్ లాకింగ్ లగ్గులు (బోల్ట్‌ను బిగబట్టే దంతాలు) వెనక ఉంటాయి, మొత్తం వ్యవస్థకు కాస్త సాగే గుణం ఉంది. అరచేత్తో నెడితే తప్పుడు జవాబు వస్తుంది.

బోల్ట్ హెడ్ మీద 0 నుంచి 3 దాకా ఏదో ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ హెడ్ పొడవు. 0 గానీ 1 గానీ ఉంటే ఇంకా మార్చుకునే జాగా ఉంది. 3 ఉండి కూడా ఖాళీ ఎక్కువైతే దారి మూసుకుపోయినట్టే. అంకెను గుడ్డిగా నమ్మొద్దు, అరిగిన 2 కంటే కొత్త 1 పొడవుండొచ్చు. మైక్రోమీటర్‌తో కొలవండి.

నంబర్లు కలిసినా ఒకసారి లగ్గుల వెనక ముఖాలకు మార్కర్ పెన్ను సిరా పూసి, బోల్ట్ నాలుగైదుసార్లు మూసి తెరవండి. రెండు లగ్గుల మీదా సిరా చెరగాలి. ఒకదాని మీదే చెరిగితే బరువంతా అదొక్కటే మోస్తోంది. ఆ బోల్ట్ పుట్టింది ఈ రిసీవర్‌కు కాదేమో, నంబరు తర్వాత కొట్టారేమో అని అనుమానించాలి.

నూనెగుడ్డ:

రెండు గాడులు లోపం కాదండీ. యుద్ధకాలంలో పని త్వరగా తెమలడానికి అలా చేశారు, లాంగ్ బ్రాంచ్‌లోనూ, అమెరికాలో ఇదే రైఫిల్ చేసిన సావేజ్‌లోనూ రెండు గాడుల బ్యారెళ్లు బోలెడు. ఐదు గాడులున్న దానితో సమానంగానే కొడుతుంది. పైగా కొలవడం తేలిక. మెత్తటి సీసం గుండును బ్యారెల్‌లో తోసి తీస్తే రెండు గాడులు ఎదురెదురుగా పడతాయి, మామూలు మైక్రోమీటర్ సరిపోతుంది. ఐదు గాడుల్లో గాడికి ఎదురుగా మిట్ట వస్తుంది, దానికి వి ఆకారపు దవడ ఉన్న మైక్రోమీటర్ కావాలి. గుండ్లకు రాసే కొలత 0.311, 0.312 అంగుళం. గాడి అడుగు కొలత 0.316 దాటితే ఆ గుండు బ్యారెల్‌ను సరిగా పట్టుకోకపోవచ్చు, కాగితం మీద అడ్డంగా తగలొచ్చు.

"అద్దంలా ఉంది" అన్న మాట దగ్గర ఆగండి. నూనె పోసిన ఏ బ్యారెలైనా అద్దంలాగే ఉంటుంది. నూనె గుంతల్లో నిండి వెలుతురును తిరిగి కొడుతుంది. మీ గుడ్డపేలికలు మీరే పట్టుకెళ్లి, అతని అనుమతితో చాంబర్ వైపు నుంచి పొడిగా మూడు నాలుగు తోయండి. పేలిక తెల్లగా వచ్చేదాకా. అప్పుడు చూడండి. చాలాసార్లు అద్దం కాస్తా పొగమంచులా తేలుతుంది.

పొగమంచు చూసి కంగారు పడక్కర్లేదు. పాత ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది, కాలాక పొటాషియం క్లోరైడ్ మిగిలేది. అది ఉప్పు, గాల్లో తేమను లాక్కుంటుంది. నూనెలో కరగదు, నీళ్లకే పోతుంది. నీళ్లతో కడగకుండా నూనె మాత్రమే పూసి దాచిన ప్రతి తుపాకీలోనూ ఆ మసక ఉంటుంది. గాడుల మూలలు పదునుగా కనబడుతున్నంత సేపు అది గురి మీద పెద్దగా పనిచేయదు. భయపడాల్సినవి మూడు. బ్యారెల్ మధ్యలో చుట్టూ నల్లటి వలయం కనబడితే లోపల ఏదో అడ్డుండగా కాల్చి గొట్టం ఉబ్బింది. చాంబర్ ముందు మిట్టలు మొదలయ్యే చోటు కరిగినట్టు ఉంటే అది కార్డైట్ (పాత తూటాల్లోని మందు) వేడికి తినేసినది. బ్యారెల్ మూతి దగ్గర ఒకపక్కే గాడి పడి ఉంటే శుభ్రం చేసే తాడు అడ్డంగా రాసి అరగదీసినది. మూతి పాడైతే గురి పోతుంది, మిగతా బ్యారెల్ ఎంత బాగున్నా.

మూతి పరీక్షకు మందూ ప్రైమరూ లేని డమ్మీ తూటా తీసుకెళ్లండి. గుండు మొన ముందుగా మూతిలో దింపితే, కేసు (తూటా ఇత్తడి గొట్టం) నోటికీ బ్యారెల్ కొసకూ మధ్య పావు అంగుళమైనా గుండు కనబడాలి. కేసు వచ్చి కొసకు తగిలితే అరుగుదల ఎక్కువ.

ఇంకొకటి: బ్యారెల్ మీదా, రిసీవర్ మీదా, కర్ర మీదా "డీపీ" అన్న ముద్ర కోసం వెతకండి. డ్రిల్లు కోసం పక్కన పెట్టినదని అర్థం, కాల్చడానికి కాదు. చెరిపేసిన చోట లోహం కాస్త పల్లంగా, రంగు కొత్తగా ఉంటుంది. పై కర్ర తీయనిస్తే దాని కింద కూడా చూడండి.

తూకంరాయి:

ధర సంగతి నేను చెబుతా. లాంగ్ బ్రాంచ్‌లో నంబర్ 4లు తొమ్మిది లక్షలకు పైగా చేశారు, సావేజ్ పది లక్షలు దాటించింది. "అరుదు" అనే మాటకు ఇక్కడ పైసా ఇవ్వక్కర్లేదు. డబ్బు వెళ్లేది స్థితికి. పోల్చేటప్పుడు ఎవరు ఎంత అడుగుతున్నారో చూడకండి, ఎంతకు తెగిందో చూడండి. వేలంలో తెగిన ధర మీద కొనేవాడు కట్టే కమిషన్ కూడా కలపండి, అప్పుడు ఆ పాతిక శాతం తేడా కొంత కరుగుతుంది.

ముందు కర్ర నంబరు వేరని చెప్పారు. దానికి తగ్గించమని అడగొచ్చు, కానీ నాకు నంబరు కంటే కర్ర కూర్చున్న తీరు ముఖ్యం. ఈ తుపాకీ గురి సగం ముందు కర్రలో ఉంటుంది. కర్ర వెనక చివర రెండు చెక్కల దిమ్మెలు రిసీవర్‌కు ఆనుకుని వెనకదెబ్బ మోస్తాయి. మూతి దగ్గర కర్ర కొస బ్యారెల్‌ను కొన్ని పౌండ్ల బరువుతో పైకి నెట్టాలి. బ్యారెల్ కొసను వేలితో కర్ర నుంచి పైకి లాగి వదలండి. స్ప్రింగులా వెనక్కి రావాలి. లొటలొటలాడితే కర్ర కుంగిపోయింది, లేదా ఎవరో మార్చి సరిగా కూర్చోబెట్టలేదు. నంబరు తేడా ఉంది కాబట్టి ఇక్కడ రెట్టింపు జాగ్రత్త. వెనక చివర చీలిక ఉందేమో బోల్ట్ పిడి కింద చూడండి.

మార్క్ 1 స్టార్‌లో ట్రిగ్గర్ వేలాడేది కింది గార్డుకు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు చట్రం), రిసీవర్‌కు కాదు. కర్ర ఎండి కుంచించుకుపోతే గార్డు కదులుతుంది, ట్రిగ్గర్ లాగుడు మారిపోతుంది. మార్క్ 2లో ట్రిగ్గర్‌ను రిసీవర్‌కే తగిలించింది అందుకే. రిసీవర్ మీద "1/3" కనబడితే మీదీ అలా మార్చినదే, అది మంచి మాట.

నల్ల పెయింటు చూసి మోసం అనుకోకండి, యుద్ధం తర్వాత డిపోల్లో మరమ్మతు చేసినప్పుడు అలాగే పూసేవాళ్లు. మోసం కనబడేది అక్షరాల్లో. ముద్రల అంచులు మెత్తబడి, స్క్రూ కన్నాల చుట్టూ పళ్లెంలా లోతు పడితే పాలిష్ చక్రం మీద రుద్ది మళ్లీ నీలం ఎక్కించారు.

జంగిల్ కార్బైన్ జోలికి వెళ్లేముందు ఒక్క నిమిషం. అసలు నంబర్ 5కు రిసీవర్ మీద బరువు తగ్గించే కోతలు ఉంటాయి, చాంబర్ పైన బ్యారెల్ లావు భాగంలో కూడా చెక్కిన పల్లాలుంటాయి, బోల్ట్ పిడి గుండు బోలుగా తొలిచి ఉంటుంది. ఇవి లేకుండా మూతి దగ్గర మంటను కప్పే గరాటు మాత్రమే ఉంటే అది నంబర్ 4ను కోసి తయారుచేసినది. నంబర్ 4 ధర కూడా రాదు దానికి.

కొత్తచేతులు:

చూసి వచ్చాను. పట్టా మూల పదునుగానే ఉంది, హెడ్ ఎక్కడా లేవలేదు. 0.064 మూసుకుంది. 0.067 కూడా మూసుకుంది. 0.074 మూసుకోలేదు. హెడ్ మీద అంకె 1. సిరా రెండు లగ్గుల మీదా చెరిగింది. నాలుగు పేలికల తర్వాత బ్యారెల్ మసక, కానీ గాడుల మూలలు పదునుగా ఉన్నాయి. వలయాలు లేవు, డమ్మీ తూటా గుండు పావు అంగుళానికి కాస్త ఎక్కువే బయట నిలిచింది. బ్యారెల్ కొస లాగితే స్ప్రింగు లేదు, ఊగుతోంది. ముందు కర్ర వెనక చివర ఎడమవైపు అంగుళం చీలిక. కార్బైన్ రిసీవర్ మీద కోతలు లేవు.

తూకంరాయి:

కార్బైన్ మర్చిపోండి. రైఫిల్‌కు కర్ర ఒక్కటే రోగం, అది బేరానికి మీ ఆయుధం. వాడిన ముందు కర్ర ధర, దాన్ని రిసీవర్‌కు ఆనేలా అమర్చే పనివాడి కూలి, రెండూ ముందే కనుక్కుని, మామూలు అమ్మకం ధరలోంచి తీసేయండి. అమర్చే కూలి తరచూ కర్ర ధరను మించిపోతుంది, తేలిగ్గా తీసుకోకండి. "అద్దం" కోసం అడిగిన అదనం అసలే ఇవ్వొద్దు.

నూనెగుడ్డ:

0.067 మింగేసిన దాన్ని నేనైతే వదిలేస్తా. కేసులు తిరిగి నింపుకునేవాళ్లకు ఇది డబ్బు దండగ. రెండు మూడు నింపుళ్లకే అంచుకు కాస్త పైన మెరిసే గీత పడుతుంది, ఆ చోటే తెగుతుంది.

వెయ్యోవంతు:

వదిలేయక్కర్లేదు. 0.074 ఆగింది, హెడ్ 1 మాత్రమే. 2 పెడితే 0.067 లోపలికి రావచ్చు. అమ్మేవాడి దగ్గర వేరే బోల్ట్ హెడ్‌లు ఉంటే డబ్బు ఇచ్చే ముందే పెట్టి చూడండి. కొత్త హెడ్‌ను చేత్తో చివరిదాకా బిగించాక అది బోల్ట్ మీది పొడవాటి గట్టుతో సూటిగా రావాలి, సుమారు 20 డిగ్రీలు దాటి తిరిగిపోకూడదు. దాటితే మరలు అరిగినట్టు.

కేసుల విషయంలో నూనెగుడ్డ గారు చెప్పింది నిజం, మార్గం మాత్రం ఉంది. మొదటిసారి కాల్చిన కేసును మెడ వరకే సైజు చేయండి (అచ్చులో నొక్కి కొలతకు తేవడం), అప్పుడది భుజం మీద ఆగుతుంది, అంచు మీద కాదు. పేపర్ క్లిప్పు కొస వంచి కేసు లోపల అడుగు దగ్గర గీరి చూడండి, గాడి తగిలితే ఆ కేసు పారేయండి.