డర్హమ్ గనుల ఊళ్లు: ముసలివాళ్ల జ్ఞాపకాలను చరిత్రగా లెక్కించవచ్చా?

వేర్ ఒడ్డు

1951లో ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న డర్హమ్ కౌంటీ కౌన్సిల్ తన అభివృద్ధి ప్రణాళికలో ఊళ్లన్నింటినీ ఏ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విడదీసింది. డి తరగతిలో పడినవి 114. ఆ ఊళ్లలో బొగ్గు అయిపోయింది, లేదా త్వరలో అయిపోతుంది. కాబట్టి అక్కడ ఇకపై చెప్పుకోదగ్గ ఖర్చు పెట్టకూడదు, కొత్త ఇళ్లకు అనుమతి ఇవ్వకూడదు, ఉన్న ఇళ్లు శిథిలమైతే కూల్చి జనాన్ని వేరేచోటికి పంపాలి. ఇదీ నిర్ణయం. 1960లలో జరిపిన సమీక్షలో డి ఊళ్ల సంఖ్య ఇంకా పెరిగింది. 1977లో గానీ ఈ విధానాన్ని వదిలిపెట్టలేదు.

నేను బిషప్ ఆక్లండ్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడి పాత ఫోటోల పేజీల్లో కూలిపోయిన వీధుల బొమ్మలు పెడితే కింద వందల జ్ఞాపకాలు పోగవుతాయి. తలుపులకు తాళాలు వేసేవాళ్లం కాదు, ఎవరింట్లో పిల్లలు ఏడ్చినా పక్కింటావిడ వచ్చేది, సభ్యులకు లాభంలో వాటా ఇచ్చే సహకార దుకాణంలో మా డివిడెండు నంబరు ఇప్పటికీ గుర్తుంది అంటారు. ఉల్లికాడల జాతికి చెందిన లీక్ అనే కూర పోటీలు, పావురాల గూళ్లు, చర్చి బ్యాండు, జూలైలో డర్హమ్‌లో జరిగే గని కార్మికుల ఉత్సవం, ఇలా సాగుతుంది ఆ వరస. దీనికి ఎవరో ఒకరు తప్పకుండా ఎదురు చెబుతారు: ఇవన్నీ తీపి కబుర్లు, చరిత్ర కావు అని.

నేను ఒప్పుకోను. ఆ ప్రణాళిక తప్పని తేల్చడానికి ఈ జ్ఞాపకాలే ముఖ్యమైన సాక్ష్యమని నా వాదన. మీరేమంటారు?

బొగ్గుట్ట

మా తాత ఇల్లెందులో బొగ్గుబాయి పని చేశాడు. సింగరేణి గనులకు మూలమైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందిన ఆంగ్లేయుల కంపెనీ, కాబట్టి ఈ సంగతులు నాకు పూర్తిగా పరాయివి కావు. గని ఊరి జ్ఞాపకాలంటే నాకూ ఇష్టమే. అయినా మీ మాటతో ఏకీభవించలేను.

ఆ పేజీల్లో రాసేవాళ్లలో ఎక్కువమంది 1950లలో పిల్లలు. పిల్లలకు వీధి గుర్తుంటుంది, అద్దె గుర్తుండదు. పెరటి చివర ఉండే బూడిద మరుగుదొడ్డిని ఎవరు శుభ్రం చేసేవారో, వంటింట్లో పొయ్యి ముందు రేకు తొట్టెలో స్నానానికి నీళ్లు ఎవరు కాచేవారో ఎంతమంది రాస్తారు? గనుల దగ్గర స్నానశాలలు పెద్ద ఎత్తున రావడం 1926 చట్టం తర్వాతే మొదలైంది, అది కూడా అన్ని చోట్లా కాదు. తండ్రి ఒక షిఫ్టు, కొడుకులు వేరే షిఫ్టులు. ఆ ఇంటి ఆడమనిషికి రోజంతా నీళ్లు కాచడం, మసి బట్టలు దులిపి ఆరబెట్టడం, వేళకాని వేళల్లో వంట చేయడమే పని. ఎనిమిది గంటల చట్టం 1910లో డర్హమ్‌లో అమలైనప్పుడు చాలా గనుల్లో మూడు షిఫ్టులు పెట్టారు. దాని మీద సమ్మెలు జరిగాయి, ఇల్లు అస్తవ్యస్తం అవుతుందన్నది కార్మికుల పెద్ద ఫిర్యాదు. అంటే ఆ బాధ ఆనాడే అందరికీ తెలుసు.

చావుల సంగతి వేరే చెప్పాలా? 1909 ఫిబ్రవరిలో వెస్ట్ స్టాన్లీలో 168 మంది ఒక్క ప్రమాదంలో పోయారు. 1951 మే నెలలో, ఆ ప్రణాళిక వచ్చిన ఏడాదే, ఈజింగ్టన్‌లో 83 మంది పోయారు, వాళ్లలో ఇద్దరు కాపాడటానికి దిగినవాళ్లు.

ఇంకొకటి. ఊళ్లను అలా విడదీసింది లండన్ దొరలు కాదు. 1919లో లేబర్ పార్టీ చేతికి వచ్చిన తొలి కౌంటీ కౌన్సిల్ డర్హమ్‌దే. దాని అధ్యక్షుడు పీటర్ లీ స్వయంగా గని కార్మికుడు. 1951లో కూడా కౌన్సిల్ ఆ పార్టీదే. యుద్ధం అయిపోయిన కొద్ది ఏళ్లకు, ఉన్న కాస్త డబ్బుతో, తమ వాళ్లకు లోపలే మరుగుదొడ్డి, స్నానాలగది ఉన్న ఇళ్లు కట్టాలనుకున్నారు. దాన్ని ద్రోహం అనడం అన్యాయం.

వేర్ ఒడ్డు

బొగ్గుట్ట గారూ, ఆడవాళ్ల చాకిరీ గురించి మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. కౌన్సిల్ మనసు మంచిది కాదని కూడా నేను అనలేదు. అయితే ఆ ఇళ్లను బాగు చేయడానికీ, ఆ ఊరినే లేకుండా చేయడానికీ తేడా ఉంది. లోపల మరుగుదొడ్డి కావాలని అడిగినవాళ్లకు, మీ ఊరే అక్కర్లేదని జవాబు వచ్చింది.

విట్టన్ పార్క్ ఊరినే తీసుకోండి. 1825లో స్టాక్టన్–డార్లింగ్టన్ రైలు మార్గం పడమటి కొస మొదలైంది ఆ ఊరి దగ్గరే. 1846లో అక్కడ ఇనుప కర్మాగారం వచ్చింది, 1884లో మూతపడింది. అంటే ఉపాధి పోయి డెబ్బయ్యేళ్లు కావస్తున్నా ఆ ఊరు బతికే ఉంది. జనం బస్సెక్కి వేరేచోట పని చేసుకుని సాయంత్రం ఇంటికి వచ్చేవారు. ప్రణాళిక వేసినవాళ్లు గని పోతే ఊరు పోతుందని లెక్క కట్టారు. వాళ్ల కళ్ల ముందే ఆ లెక్కను అబద్ధం చేసిన ఊరు ఉంది, దాన్నీ డి లోనే పడేశారు. చాలా వీధులు కూల్చారు. మిగతావి నిలిచాయంటే అక్కడివాళ్లు ఊరుకోకుండా పోరాడటం వల్ల.

రెండోది, డబ్బు. నివాసానికి పనికిరాదని ముద్ర వేసిన ఇంటికి, ఆనాటి మురికివాడల చట్టం ప్రకారం మామూలుగా దక్కేది స్థలం విలువే, ఇంటి విలువ కాదు. సొంతంగా ఉంటున్నవాళ్లకు 1956 తర్వాత కొంత అదనం ఇచ్చారు గానీ, అందరికీ అందేలా కాదు. జీవితమంతా కూడబెట్టి కొనుక్కున్న ఇంటికి నేల ధర చేతిలో పెట్టి, కౌన్సిల్ ఇంట్లో అద్దెకు ఉండమన్నారు. ఇది ఫోటోల కింద రాసేవాళ్ల కోపంలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ కోపాన్ని కూడా తీపి కబురనే అంటారా?

రాత్రి షిఫ్టు

నేను ఈ ప్రాంతంలోనే నర్సుగా పని చేస్తున్నాను. వృద్ధుల వార్డులో ఆడవాళ్లు చెప్పేది, మగవాళ్లు చెప్పేది ఒకటి కాదు. మగవాళ్లు బ్యాండు గురించి, గనిలో తోటివాళ్ల గురించి మాట్లాడతారు. ఆడవాళ్లలో కొందరు కొత్త ఇంట్లో మొదటిసారి కుళాయి తిప్పగానే వేడినీళ్లు వచ్చిన సంగతి చెబుతూ కళ్లు తుడుచుకుంటారు. వాళ్లే ఐదు నిమిషాల తర్వాత, ఆ కొత్త వీధిలో ఏడాది గడిచినా పక్కింటివాళ్ల పేరు తెలియలేదని చెబుతారు. ఈ రెండూ ఒకే మనిషి మాటలు. దయచేసి ఒక మాటను మాత్రమే తీసుకుని వాదించకండి.

పాత పటాలు

స్థానిక చరిత్ర నా చదువు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

జ్ఞాపకం ఒక్కటే చాలదు అనేది నిజం. మ్యూజియంలో ఊరిని మళ్లీ కట్టి చూపించినా అదే చిక్కు. 1970లలో మొదలైన బీమిష్ మ్యూజియానికి హెటన్ నుంచి గని కార్మికుల ఇళ్ల వరసను రాయి రాయిగా తెచ్చి నిలబెట్టారు. ఎంత శ్రద్ధగా చేశారో చూస్తే ముచ్చట వేస్తుంది. అయినా అక్కడి పొయ్యిలో నిప్పు మండుతుంది, వేడి రొట్టె వాసన వస్తుంది, దగ్గు మాత్రం వినబడదు. సందర్శకుడు సాయంత్రం ఇంటికి వెళ్లిపోతాడు.

అలాగని కౌన్సిల్ కాగితాలే చరిత్ర అనడం కూడా సరికాదు. ఆ కాగితాల్లో ఎన్ని ఇళ్లు, ఎంత బొగ్గు, మురుగు కాలువ ఉందా లేదా అన్నది ఉంటుంది. అడిగినదానికి జవాబు దొరుకుతుంది, అడగనిది లెక్కలోకి రాదు. ఊరి ఫ్యాక్టరీ పోయినా జనం ఎందుకు కదల్లేదన్నది వాళ్లు అడగలేదు. దానికి జవాబు చెప్పగలిగేది అక్కడ ఉన్నవాళ్లే.

జ్ఞాపకానికి కచ్చితత్వం ఉండదనేవాళ్లు స్పెన్నీమూర్ చిత్రకారుడు నార్మన్ కార్నిష్ (1919–2014) బొమ్మలు చూడండి. 14 ఏళ్లకు గనిలోకి దిగి 33 ఏళ్లు పని చేసిన మనిషి. పబ్బులో బీరు గ్లాసు పట్టుకున్న చెయ్యి, చేపల బండి చుట్టూ మూగిన జనం, అల్లుతున్న భార్య, వీటితో పాటు తెల్లవారకముందే నడుం వంచుకుని గనికి నడిచే మనుషులు కూడా ఆ బొమ్మల్లో ఉంటారు. తన వీధిని ప్రేమించినవాడు దాని బరువును దాచలేదు. అలాగే డర్హమ్ గనుల్లో చనిపోయినవాళ్ల పేర్లు, వయసులు, ఏ గని, ఏ రోజు అన్నది కొందరు స్వచ్ఛందంగా ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటిగా చేర్చి పెట్టారు. ఆ పని చేయించింది కూడా సొంత ఊరి మీద మమకారమే. మమకారం వేరు, అబద్ధం వేరు.

బొగ్గుట్ట

పాత పటాలు గారూ, కార్నిష్ లాంటివాడు నూటికి ఒకడు. మిగతా 99 మంది తాళాలు వేయని తలుపుల గురించే రాస్తారు. పేద ఊళ్లలో తాళం వేయకపోవడానికి దాచుకోవలసిన సొమ్ము లేకపోవడం కూడా కారణమే కదా.

వేర్ ఒడ్డు గారికి ఒక ప్రశ్న. 1951లో ఆ కుర్చీలో మీరు కూర్చుంటే ఏం చేసేవారు? పడమటి డర్హమ్‌లో బొగ్గు పొరలు అడుగంటుతున్నాయి. తీరం వైపు ఈజింగ్టన్, హార్డెన్ గనులు సముద్రం కిందికి సాగుతున్నాయి, పని అక్కడ ఉంది. ఆ కార్మికుల కోసమే 1948లో పీటర్ లీ పేరుతో పీటర్లీ అనే కొత్త పట్టణానికి శ్రీకారం చుట్టారు. 114 ఊళ్లకూ సమానంగా డబ్బు పంచితే ఎక్కడా సరిపోదు. ఎవరో ఒకరు కాదని చెప్పక తప్పదు.

వేర్ ఒడ్డు

న్యాయమైన ప్రశ్న. సూటిగా చెబుతాను.

మొదట, పని శాశ్వతంగా ఉంటుందనుకున్న తీరప్రాంతానికి ఏమైందో చూడండి. హార్డెన్ గని 1987లో, ఈజింగ్టన్ గని 1993లో మూతపడ్డాయి. ఏ ఊళ్లకు భవిష్యత్తు ఉందన్నారో అక్కడ బొగ్గు ఆగిపోయింది. ఏ ఊళ్లకు లేదన్నారో వాటిలో చాలా వరకు ఈరోజు జనంతో ఉన్నాయి, పూర్తిగా మాయమైనవి కొన్నే. మూడు, నాలుగు దశాబ్దాల తర్వాతి సంగతి ముందే తెలియనందుకు ఎవరినీ తప్పు పట్టను. తెలియనప్పుడు వెనక్కి తీసుకోలేని నిర్ణయం చేయకూడదు, తప్పు అక్కడుంది.

ఇక నేనైతే ఏం చేసేవాణ్ణి? ఊరి వరకు వెళ్లి అడిగేవాణ్ణి. వెళ్లిపోదామనుకునే కుటుంబానికి కొత్త ఇల్లు, ఉందామనుకునే కుటుంబానికి తన ఇల్లు తానే బాగు చేసుకునే అనుమతి. ఈ రెండోదానికి కౌన్సిల్ ఖజానా నుంచి పెద్దగా తీయనక్కర్లేదు. డి ఊళ్లలో నిరాకరించింది ముఖ్యంగా దీన్నే. సొంత డబ్బుతో కట్టుకుంటామన్నా వద్దన్నారు. డబ్బు లేకపోవడం అన్న మీ వాదన ఇక్కడ నిలవదు.

మన సింగరేణిలో ఓపెన్ కాస్ట్ గనుల కోసం ఊళ్లు ఖాళీ చేయించేటప్పుడు పరిహారం చర్చ ఎకరాలు, గదుల చుట్టూ తిరుగుతుంది. బొడ్రాయి, శ్మశానం, కుల వృత్తుల వాడుక ఏ పట్టికలో వస్తాయి? అక్కడి ముసలివాళ్ల మాటలు రేపు ఎవరైనా తీపి కబుర్లని తోసేస్తే మీకెలా ఉంటుంది?

బొగ్గుట్ట

కట్టుకుంటామన్నవాళ్లకు అనుమతి నిరాకరించడం తప్పే, దాన్ని సమర్థించను. నేల ధర మాత్రమే ఇవ్వడం కూడా. ఊరి ఖాళీ గురించి మీరన్నది నాకు తగిలింది, మా తాత వాళ్ల వాడ ఇప్పుడు లేదు.

అయినా నా అసలు మాట మార్చుకోను. సాక్ష్యాన్ని ప్రశ్నించాలి. జ్ఞాపకాన్ని ప్రేమతో చదివి అక్కడే ఆపేస్తే మళ్లీ నీళ్లు కాచిన ఆవిడే మరుగున పడుతుంది.

పాత పటాలు

అయితే పని ఉంది. కౌంటీ దస్తావేజులు ఇప్పుడు డర్హమ్‌లో 2024లో తెరిచిన ‘ది స్టోరీ’ భవనంలో ఉన్నాయి. ఒక్క వీధిని ఎంచుకుందాం. ఏ ఇల్లు ఎవరి సొంతం, దాన్ని ఏ ఏడాది పనికిరానిదన్నారు, ఎంత ఇచ్చారు అన్నది అక్కడ వెతుకుదాం. అదే వీధి ఫోటో కింద రాసినవాళ్లను, ముఖ్యంగా 1960లో ఇల్లు నడిపిన ఆడవాళ్లను ఇప్పుడే కలవాలి. వాళ్లకు తొంభై దాటుతున్నాయి. రాత్రి షిఫ్టు గారూ, మీ వార్డు బయట, వాళ్ల ఇష్టంతో, కుటుంబాల ద్వారా అడగడానికి దారి ఏదైనా ఉంటే చెప్పండి.

రాత్రి షిఫ్టు

వార్డు ద్వారా కుదరదు, అది సరైనది కాదు. ఈ ఊళ్లలో చర్చి హాలు మధ్యాహ్న భోజనాలు, వృద్ధ గని కార్మికుల ఇళ్ల సముదాయాలు ఉంటాయి. ముందు అక్కడి నిర్వాహకులతో మాట్లాడండి. నీళ్ల గురించి అడగడం మర్చిపోకండి.