ఆడటం వచ్చు, నేర్పడం ఎలా? పిల్లల బాస్కెట్‌బాల్ కోచింగ్ గురించి

సాయంత్రం_కోర్టు:
స్కూలు నుంచి యూనివర్సిటీ దాకా బాస్కెట్‌బాల్ ఆడి, ఇప్పుడు కోచింగ్‌లోకి రావాలనుకునేవాళ్లు దేంతో మొదలుపెట్టాలి? కాలనీలో ఒక సిమెంటు కోర్టు, 10–12 ఏళ్ల పిల్లలు 16 మంది, బంతులు 4, రోజూ గంట. లేఅప్ (రింగు దగ్గరికి పరుగెత్తి, రెండు అడుగులు వేసి ఎగిరి బంతి వేయడం) చేసి చూపిస్తే పిల్లలకు అడుగులు కుదరడం లేదు. షాట్ అందరూ ఛాతీ దగ్గర్నుంచి రెండు చేతులతో తోసేస్తున్నారు. ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ కోర్సు చేస్తే ఇవన్నీ తెలుస్తాయా?

పోస్ట్_ప్లేయర్:
కోర్సు సంగతి తర్వాత. ముందు బంతి మీద నంబరు చూడండి. 7 అయితే మీ షాట్ సమస్యకు సగం కారణం అదే. పదేళ్ల చేతులకు అంత బరువు పైకి పంపే బలం ఉండదు కాబట్టి ఛాతీకి ఆనించి తోస్తారు. మోచేయి పక్కకు పోతుంది, అదే అలవాటైపోతుంది, తర్వాత మాన్పించడం చాలా కష్టం. మినీ బాస్కెట్‌బాల్‌కు 5వ నంబరు బంతి, 2.60 మీటర్ల రింగు. పెద్దల రింగు 3.05. సిమెంటు మీదకు రబ్బరు బంతే కొనండి, తోలుది త్వరగా అరిగిపోతుంది. భుజం ఎత్తు నుంచి వదిలితే నడుము దాకా లేచేంత గాలి ఉండాలి.

ఇక లేఅప్‌ను చివరి నుంచి మొదటికి నేర్పండి. కుడిచేతి వాటం పిల్లల్ని రింగుకు కుడిపక్క, ఒక్క అడుగు దూరంలో నిలబెట్టండి. డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) వద్దు. ఎడమకాలు వేసి, కుడిమోకాలు పైకి లేపుతూ ఎగిరి, బోర్డు మీది గడిలో కుడివైపు పైమూలకు బంతి తగిలించాలి. పదికి ఏడు పడుతున్నప్పుడు ఒకడుగు వెనక్కి జరపండి: కుడి, ఎడమ, షాట్. ఆపైన ఒక్క డ్రిబుల్ కలపండి. పరుగు ఆఖర్న. బాగా ఆడినవాళ్లు పరుగుతోనే మొదలుపెట్టి చూపిస్తారు, ఎందుకంటే తమ కాళ్లు ఏ వరసలో పడుతున్నాయో వాళ్లు ఎప్పుడో గమనించడం మానేశారు. ఆ వరసను మళ్లీ విడదీసి చూసుకోవడమే కోచ్‌కు మొదటి హోంవర్క్.

బెంచ్_నుంచి:
పైన అన్న చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను: పిల్లల్ని ఒకే వరసలో నిలబెట్టకండి. ఒక్కొక్కరికి 10 సెకన్లు పట్టినా 16 మంది వరసలో పది నిమిషాల్లో ఒక పిల్లాడికి నాలుగు వంతులు కూడా రావు. నాలుగు గుంపులు, గుంపుకో బంతి అయితే 15 వస్తాయి. రింగులు రెండే కాబట్టి రెండు గుంపులకు లేఅప్, మిగతా రెంటికి డ్రిబ్లింగ్, పాసింగ్. పది నిమిషాలకోసారి మార్చండి. చివరి 20 నిమిషాలు సగం కోర్టులో ముగ్గురికి ముగ్గురు చొప్పున రెండు ఆటలు. మిగిలిన నలుగురు స్కోరు రాస్తూ, ఫౌల్ పిలుస్తూ ఉంటారు, తర్వాత ఆటలోకి వస్తారు. ఆట పెట్టకపోతే పిల్లలు రావడం మానేస్తారు.

ఒకసారి ఒక్క తప్పే దిద్దండి. మోచేయి, మోకాలు, చూపు మూడూ ఒకేసారి చెబితే ఏదీ కుదరదు.

పెద్ద ఆటగాడు కాకపోతే కోచ్ కాలేమన్న దిగులు అక్కర్లేదు. అమెరికా కోచ్ డీన్ స్మిత్ 1952లో ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ జట్ల పోటీ) టైటిల్ గెలిచిన కాన్సాస్ యూనివర్సిటీ జట్టులో ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్‌గా 879 మ్యాచ్‌లు గెలిచి 1997లో రిటైరయ్యాడు.

విజిల్_మాస్టారు:
కోర్సు గురించి. పటియాలా ఎన్‌ఐఎస్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ ఉంది, ఏడాది డిప్లొమా ఉంది. కోచింగే వృత్తి అనుకుంటే డిప్లొమాకు వెళ్లండి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం కావాలంటే మాత్రం డీపీఎడ్ లేదా బీపీఎడ్ (వ్యాయామ విద్యలో డిప్లొమా, డిగ్రీ) దారి, ఇది వేరు. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి, ఎవరో చెప్పారని ఫీజు కట్టొద్దు.

రూల్స్ కూడా కొత్తగా చదవండి. 2017లో ఫిబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) ట్రావెలింగ్ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేసే తప్పు) నియమం మార్చింది. కదులుతూ బంతి అందుకునేటప్పుడు నేల మీదున్న కాలు ఇప్పుడు లెక్కలోకి రాదు, ఆపైన రెండు అడుగులు. అంతకుముందు ఆడినవాళ్లు సరైన లేఅప్‌కు కూడా విజిల్ ఊదేస్తున్నారు.

సాయంత్రం_కోర్టు:
అందరికీ ధన్యవాదాలు. బంతులు 7వ నంబరువే, మార్చేస్తాం. రింగు స్తంభం మాత్రం సిమెంటులో పాతేశారు, కిందికి దించే వీల్లేదు. ఏం చేయాలి?

పోస్ట్_ప్లేయర్:
లేఅప్ ఆ రింగు మీదే చేయించండి, బోర్డు ఉంది కాబట్టి పరవాలేదు. షాట్‌కు మాత్రం ప్రహరీగోడ పక్కన ఒక గొట్టం నిలబెట్టి, 2.60 మీటర్ల ఎత్తులో ఇనుప రింగు బిగించండి. లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, వెల్డింగ్ షాపులో చేసిస్తారు. అంచుల్లో వెల్డింగ్ మొనలు మిగలకుండా రుద్దించండి, వేళ్లు తెగుతాయి. దాని ముందు ఒకటిన్నర మీటర్ల దూరంలో సుద్దగీత గీయండి. ఒంటిచేత్తో, మోచేయి రింగు వైపు ఉంచి వరసగా అయిదు వేసినవాళ్లనే గీత దాటి వెనక్కి పంపండి.