సర్వేకి వెళ్ళే పిల్లలకు షెడ్యూలు లెక్కన ఇవ్వాలా, రోజు లెక్కన ఇవ్వాలా?

వంశధార (చర్చ మొదలుపెట్టినవారు)

నేను ఒక విశ్వవిద్యాలయ కేంద్రంలో సామాజిక శాస్త్రాల ప్రాజెక్టులు చూసుకుంటాను. ఇప్పుడు కొత్త ప్రాజెక్టుకి బడ్జెట్ రాస్తున్నాం. ఇళ్ళకి వెళ్ళి ప్రశ్నలడిగే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లకు ఎప్పటిలాగే షెడ్యూలుకి (అడిగి నింపే ప్రశ్నల పత్రానికి) ఇంత అని ఇస్తే చాలని మావాళ్ళలో ఎక్కువమంది అంటున్నారు. రోజుకి ఇంత అని ఇవ్వాలని నేనంటున్నాను. ఎందుకో చెబుతాను. తప్పయితే తప్పని చెప్పండి.

పలాస చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద ఒక సర్వే చేశాం. 11 పేజీల షెడ్యూలు. కుదురుగా అడిగితే ఒక్కోదానికి గంట పైనే పడుతుంది. ఒక అబ్బాయి ఒక్కరోజులో 14 నింపి తెచ్చాడు. ఆ రాత్రి వాటిని నేల మీద వరసగా పరుచుకుని చూశాను. ఒక్క పేజీ నలగలేదు, ఎక్కడా కొట్టివేత లేదు. వయసు గడిలో 37, 43, 52, 48, 61. అక్కడే నాకు గుండె జారింది. మన పల్లెల్లో పెద్దావిడను వయసెంతమ్మా అంటే "యాభై ఉంటాయేమో" అంటుంది, గట్టిగా అడిగితే పక్కింటావిడ ముఖం చూస్తుంది. నిజంగా అడిగి రాసిన కాగితాల్లో సున్నాలూ అయిదులూ ఎక్కువ పడతాయి. జనాభా లెక్కల్లోనూ ఇదే తీరు, దాన్ని కొలవడానికి ప్రత్యేకంగా సూచికలే ఉన్నాయి. వయసులు మరీ శుభ్రంగా వచ్చాయంటే ఎవరినీ అడగలేదని అర్థం.

మర్నాడు ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను. పొద్దున పదింటికి ఏ ఇంటికి చూసినా తాళమే. మేం ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్ళంతా ఫ్యాక్టరీలో ఉన్నారు. ఇళ్ళ దగ్గర దొరికేది ముసలివాళ్ళూ, బాలింతలూ. సాయంత్రం ఆరు దాటాక ఒకావిడ వచ్చింది. జీడి నూనెకి వేళ్ళు నల్లబడి, చివర్లలో చర్మం లేచిపోయి ఉంది. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేస్తే నల్లటి మరక పడింది గానీ గీతలు పడలేదు. పొయ్యి ముట్టించుకుంటూనే అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ ఒక్క షెడ్యూలు పూర్తయ్యేసరికి ఎనిమిది దాటింది, ఆఖరి బస్సు పోయింది. ఆ రోజుకి ఆ అబ్బాయికి వచ్చేది ఒక్క షెడ్యూలు డబ్బులే. అంతకుముందు చేసిన పనికి నాలుగు నెలలుగా పైసా అందలేదు.

చేసింది తప్పే. ఆ మాట మొహం మీదే అన్నాను. కానీ మనం కాగితానికి కదా డబ్బిస్తామన్నాం, అతను కాగితమే తెచ్చాడు.

ఖాతా పుస్తకం

మేడమ్, నేను విజయనగరంవాణ్ణి. యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీ మాటలో న్యాయం ఉంది, కానీ ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు జరిగేది వేరు.

షెడ్యూలు లెక్కలో బిల్లుకి ఆధారం ఉంటుంది. ఇన్ని కాగితాలు, ఇంత రేటు, అయిపోయింది. రోజు లెక్కలో మనిషి ఆ రోజు కంచిలిలో ఉన్నాడని నాకు ఎవరు రాసిస్తారు? పాత రోజుల్లో మస్టర్ల (హాజరు పట్టీల) మీద లేని మనుషులకు కూలి రాసిన సంగతులు మనందరికీ తెలిసినవే. ఆడిటర్ అడిగేది మొదట అదే.

రెండోది, డబ్బు వచ్చే తీరు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) లాంటి సంస్థలు ఒకేసారి ఇవ్వవు, విడతలుగా ఇస్తాయి. మొదటి విడత ఖర్చయినట్టు యూసీ (వినియోగ ధ్రువపత్రం) వెళ్ళాలి, పని ఎంతవరకు వచ్చిందో రిపోర్టు వెళ్ళాలి, ఆ తర్వాతే రెండోది. ఆఖరి విడత తుది నివేదిక ఇచ్చాకే. అంటే చివరి కొన్ని నెలలు ఎవరో ఒకరు చేతి డబ్బు పెట్టాలి. సిబ్బంది పద్దులో మిగిలిన దాన్ని ఫీల్డ్‌వర్క్ పద్దులోకి మార్చాలన్నా అనుమతి కావాలి.

ఇంకొకటి, నొచ్చుకోకండి. నాలుగు నెలల ఆలస్యంలో మా వాటా ఎంత, ప్రాజెక్టు డైరెక్టర్ల వాటా ఎంత? బిల్లులన్నీ సొరుగులో దాచి మార్చి 25న ఒకేసారి తెచ్చి ఇస్తారు. అప్పుడు మాకూ రాత్రీ పగలూ టెన్షనే.

సోంపేట అన్న

నేను ఆ అబ్బాయి స్థానంలో ఉన్నవాణ్ణి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్ళాక నష్టం మీద ఒక సర్వేకి తిరిగాను. ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయని అడగాలి. మేం కాగితం తియ్యగానే పరిహారం రాసుకోవడానికి వచ్చామనుకుని జనం చుట్టూ మూగేవారు. ఇది పరిహారం కాదు, చదువు కోసం చేసే సర్వే అని ఒక్కో ఇంటి దగ్గర పావుగంట చెప్పాలి. ఆ పావుగంటకు మాకు డబ్బు లేదు. రెండు రోజులు చెప్పాను, మూడో రోజు చెప్పడం మానేశాను. మానేశాక వచ్చిన అంకెలు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. ఇన్నేళ్ళయినా ఆ ఇళ్ళ ముందు నుంచి పోతుంటే తల ఎత్తలేను.

చీపురుపల్లి మాస్టారు

వంశధార గారూ, నేను ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. మీ ఆవేదనతో ఏకీభవిస్తాను, మీ పరిష్కారంతో కాదు. రోజు లెక్కన ఇచ్చినా అడక్కుండా రాసేవాడు రాస్తాడు. కావలసింది తనిఖీ.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్లో జనపనార పంట సర్వేలు చేసే రోజుల్లోనే ఈ సమస్య ఎదురైంది. (నెల్లిమర్ల మిల్లు సైరన్ వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి జూట్ అంటే నాకు చెవి నిలుస్తుంది.) ఆయన ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవారు. ఇద్దరి అంకెలూ దగ్గరగా వస్తే నమ్మేవారు, దూరంగా ఉంటే తప్పెక్కడో వెతికేవారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలోకి కూడా ఆ పద్ధతి వచ్చింది. మన కేంద్రాలు అంత చేయలేకపోతే పదింట ఒక ఇంటికైనా రెండో మనిషి వెళ్ళి నాలుగు ప్రశ్నలు మళ్ళీ అడగాలి. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఈ పని చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. కేంద్రం డైరెక్టర్ పదవి రెండేళ్ళకో మూడేళ్ళకో చేతులు మారుతుంది. కొత్తాయన వచ్చేసరికి పాత షెడ్యూళ్ళు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పేవారుండరు. ఏ ఊళ్ళో ఎవరితో మాట్లాడామో, ఏ ఇన్వెస్టిగేటర్ నమ్మకస్థుడో గుర్తుంచుకునే స్థిరమైన ఉద్యోగి ఒకరు ఉండాలి. మీలాంటి కోఆర్డినేటర్లనేమో పదకొండు నెలల కాంట్రాక్టు మీద పెడతారు.

కవిటి కుర్రోడు

అందరూ డబ్బులిచ్చే వైపు నుంచే మాట్లాడుతున్నారు. జవాబులు చెప్పే ఇంటి నుంచి ఒక మాట వినండి.

మాది ఉద్దానం. మా నాన్నకు కిడ్నీ జబ్బు. మా ఇంటికి ఎంతమంది వచ్చి రాసుకెళ్ళారో లెక్క లేదు. రక్తం తీశారు, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, ఏ బియ్యం తింటారు, ఏ మందులు కొడతారు, రోజుకి ఎన్ని చెంబులు నీళ్ళు తాగుతారు అని అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి నీళ్ళ పథకం వచ్చింది. మంచిదే, కాదనను. కానీ ఈ జబ్బు ఇక్కడే ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. రాసుకెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి "మీరు చెప్పినదాంట్లో మాకు ఇది తెలిసింది" అనలేదు. పోయిన నెల ఒకమ్మాయి వస్తే మా అమ్మ అంది: "ఏటమ్మా, మళ్ళీ ఒచ్చినారు? పోయినేడు రాసుకున్నదేటయినాది?" ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆమెని ఏమనగలం? ఆమెకి ఎవరైనా చెబితే కదా.

షెడ్యూలు లెక్కో రోజు లెక్కో మీరు తేల్చుకోండి. ఆ బడ్జెట్లో ఊరికి తిరిగొచ్చి చెప్పే రోజుకి కూడా ఒక వరస రాయండి.

కొండ దిగువ

నేను సీతంపేట వైపు పనిచేస్తున్న స్కాలర్‌ని (2022 నుంచి మాది పార్వతీపురం మన్యం జిల్లా అయినా యాస మారలేదు). మాస్టారూ, తనిఖీ కావాలి, సరే. కానీ షెడ్యూలు లెక్క అందరికంటే ముందు శిక్షించేది మంచిగా చేసేవాళ్ళనే.

సవర (ఇక్కడి గిరిజనుల భాష) వచ్చిన ఒక చెల్లెలు మాతో పనిచేస్తుంది. షెడ్యూల్లో "మీ నెల ఆదాయం ఎంత" అని ఉంటుంది. కొండ మీద ఎవరికీ ఆదాయం నెలకొకసారి రాదు. చింతపండు ఒకప్పుడు, అనాస ఒకప్పుడు, కొండచీపుర్లు ఒకప్పుడు. ఈ చెల్లెలు సంత పేరు చెప్పి, ఆ సంతకి ఏం దింపారు, ఎంతకి పోయింది, అందులో షావుకారి బాకీకి ఎంత పోయింది అని ఒక్కొక్కటీ వాళ్ళ భాషలో అడుగుతుంది. రోజుకి రెండు ఇళ్ళు దాటవు. సవర రాని మరో అబ్బాయి ఊరి పెద్దని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో ఏడు ఇళ్ళు ముగిస్తాడు. మూడున్నర రెట్ల డబ్బు ఎవరికి వెళ్ళిందో చూడండి.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేయడానికి జీవితంలో దశాబ్దాలు ఇచ్చారు. మన దగ్గర ఆ ఓపికకి బడ్జెట్లో కనీసం ఒక రోజు కూలి ఉండొద్దా?

ఖాతా పుస్తకం

కొండ దిగువ గారు చెప్పిన ఆ ఏడూ రెండూ లెక్క నాకు నిద్రపట్టనివ్వలేదు. సరే, దారి చెబుతాను.

రోజు లెక్క పెట్టండి, కానీ టూర్ డైరీ తప్పనిసరి చేయండి. ఏ ఊరు, ఏ ఇల్లు, ఎన్నింటికి వెళ్ళారు, తాళం ఉందా, మనిషి దొరికారా. తాళం వేసిన ఇంటికి వెళ్ళడం కూడా పనే కాబట్టి డైరీలో ఎక్కాలి. కోఆర్డినేటర్ వారానికోసారి సంతకం పెట్టాలి. ఆడిటర్‌కి నేను ఆ డైరీ చూపిస్తాను. రేటు, గరిష్ఠ రోజులు ముందే మంజూరు ఉత్తర్వులో రాయించుకోండి, మధ్యలో మార్చమంటే నా చేతిలో ఉండదు. బిల్లు ప్రతి నెలా 5వ తేదీలోపు పంపండి, డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాల్లోకి వెళుతుంది. విడత ఆలస్యమైనప్పుడు వాడుకోవడానికి ప్రాజెక్టు నిర్వహణకని యూనివర్సిటీకి వచ్చే ఓవర్‌హెడ్ డబ్బులోంచి కొంత మీ కేంద్రం పేర అడ్వాన్సుగా ఉంచమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకి ఎవరూ ఇవ్వరు.

కవిటి తమ్ముడూ, ఊరికి తిరిగి వచ్చే ఖర్చు ఫీల్డ్‌వర్క్ పద్దులోనే రాయొచ్చు. ప్రపోజల్లో మొదటి రోజే రాయాలి, అంతే.

వంశధార

ఖాతా పుస్తకం గారూ, మీరు చెప్పినట్టే రాశాను. తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి, అందులో ఒకటి సాయంత్రం ఆరు తర్వాత. ఆ ఇంటి బదులు పక్కింటివాళ్ళని అడగకూడదు. రోజుకి నాలుగుకి మించి షెడ్యూళ్ళు తీసుకోం. మాస్టారి మాట ప్రకారం పదింట ఒక ఇంటికి నేనే వెళ్ళి తనిఖీ చేస్తాను. మాస్టారూ, తనిఖీ ఒక్కటీ చాలన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. ఆకలితో తిరిగే పిల్లల మీద తనిఖీ పెట్టడం నాకు చేతకాదు. మొత్తం ఇళ్ళు ఈసారి సగానికి తగ్గుతాయి. కమిటీలో ఆ ప్రశ్న వస్తుంది, అప్పుడు ఈ చర్చనే చదివి వినిపిస్తాను.

కవిటి తమ్ముడూ, అమ్మగారికి చెప్పు. పాత జీడి సర్వేలో మిగిలిన నిజమైన కాగితాలతో వచ్చే నెల ఆ ఊరికే మొదట వెళుతున్నాం. ఫ్యాక్టరీ వదిలే వేళకి రామాలయం అరుగు మీద కూర్చుంటాం.

ఆ అబ్బాయిని మళ్ళీ పనిలోకి తీసుకున్నాను. ఆ 14 ఇళ్ళకీ మొదటి నుంచి తిరుగుతున్నాడు. నిన్న రెండు తెచ్చాడు. ఒకదాని మీద టీ మరక ఉంది. వయసు గడిలో ఒకదానికి 40 అని, రెండోదానికి "యాభయ్యో యాభై అయిదో, పెద్దకొడుకు పుట్టిన ఏడాది అడిగి రాయాలి" అని ఉంది.