‘జాతి న్యాయం’ అని రాస్తే అమ్మకు అర్థం కాలేదు

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం కావాలి.

మేముండేది సియాటిల్ పక్కన ఒక చిన్న ఊళ్లో. వచ్చే నెల మా సిటీ కౌన్సిల్ వాళ్లు రేషియల్ జస్టిస్ మీద ఊరివాళ్లందరితో కలిసి ఒక సభ పెడుతున్నారు. పిలుపు కాగితం తెలుగులో కూడా ఉండాలని ఆ పని నాకు అప్పజెప్పారు. ‘జాతి న్యాయంపై కమ్యూనిటీ ఫోరం’ అని రాసి, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. “ఇది ఆగస్టు పదిహేను ఫంక్షనా, కులసంఘం మీటింగా?” అని అడిగింది.

తప్పు అమ్మది కాదు. జాతిపిత అంటే దేశం గుర్తొస్తుంది. తెలుగు జాతి అంటే ఒక భాష మాట్లాడే జనం. ఒంగోలు జాతి గిత్త అంటే పశువు పుట్టుక. నల్లజాతి, తెల్లజాతి అన్నప్పుడే మనకు రేస్ తడుతుంది. అన్నిటి అడుగునా ఉన్నది ‘జన్’ ధాతువు, అంటే పుట్టడం. ఏ పుట్టుకో చెప్పే మాట పక్కన లేకపోతే, చదివేవాళ్లు తమకు అలవాటైన అర్థమే తీసుకుంటారు. ‘కమ్యూనిటీ’ ఇంకా చిక్కు. “మీది ఏ కమ్యూనిటీ అండీ?” అంటే మన దగ్గర అడిగేది కులమే కదా.

ఇక న్యాయం. మత్స్యన్యాయం అంటే పెద్ద చేప చిన్న చేపను మింగే తీరు. కాకతాళీయ న్యాయం కూడా అలాంటి వాడుకే. ఆ వరుసలో పెట్టి చదివితే ‘జాతి న్యాయం’ కూడా ‘జాతుల మధ్య మామూలుగా నడిచే తీరు’ అన్నట్టు వినిపిస్తోంది నాకు. చెప్పాల్సింది సరిగ్గా దానికి ఎదురు. మీరైతే ఏమని రాస్తారు?

వ్యాఖ్య: నేను పత్రికలో డెస్కు పని చేసినవాణ్ణి. దక్షిణాఫ్రికా వార్తలకు ‘వర్ణ వివక్ష’ అని రాసేవాళ్లం, అమెరికా వార్తలకు ‘జాతి వివక్ష’, ‘జాత్యహంకారం’. వర్ణం అంటే రంగూ అవుతుంది, చాతుర్వర్ణ్యమూ గుర్తొస్తుంది కాబట్టి మీ కాగితానికి అది వద్దు. మన రాజ్యాంగం 15వ అధికరణంలో రేస్‌కు జాతి, కాస్ట్‌కు కులం అని వాడుతున్నాం. రెండూ పక్కపక్కనే ఉన్నందువల్ల అక్కడ తికమక లేదు. ‘సామాజిక న్యాయం’ కూడా మొదట్లో కొత్తగానే ఉండి ఉంటుంది, ఇప్పుడు ఎవరికీ మత్స్యన్యాయం గుర్తురాదు. వాడగా వాడగా నిలబడుతుంది. అంత భయమైతే ‘జాతి వివక్ష నిర్మూలన సభ’ అనండి, సరిపోతుంది.

నా జవాబు: మీరన్నది నిజమే సార్, వివక్ష అనగానే అర్థం తేలిపోతుంది. కానీ అది సగం దగ్గరే ఆగుతోంది. ఎందుకంటున్నానో చెబుతాను.

మా ఇల్లు కొన్నప్పుడు వచ్చిన పాత కాగితాల్లో టైపు కొట్టిన పేజీ ఒకటి ఉంది. తెల్లజాతివాళ్లు తప్ప మరెవరూ ఈ స్థలంలో కాపురం ఉండకూడదట. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు. నేను నా సొంత వంటగదిలో నిలబడి చదివాను ఆ వాక్యం. ఆ లెక్కన నేనిక్కడ ఉండాలంటే గిన్నెలు తోమడానికే ఉండాలి. సియాటిల్ చుట్టుపక్కల ఇలాంటి షరతులున్న స్థలాలు వేలల్లో ఉన్నాయి. వీటిని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. అయినా ఇళ్ల విషయంలో వివక్ష కూడదన్న ప్రతిపాదనను 1964లో సియాటిల్ ఓటర్లే ఓడించారు. 1968లో గానీ చట్టం రాలేదు.

వివక్ష ఆగింది అనుకుందాం. మరి ఇల్లు కొనుక్కోలేకపోయిన నల్లజాతి కుటుంబం సంగతి? పిల్లలకు ఇవ్వడానికి వాళ్లకు ఇల్లే లేకుండా పోయింది. అందుకే 2023లో వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. ఈ షరతుల వల్ల నష్టపోయినవాళ్లకు, వాళ్ల వారసులకు ఇల్లు కొనేటప్పుడు డౌన్ పేమెంటులో సాయం చేస్తారు. జస్టిస్ అనే మాటలో ఈ సరిదిద్దడం ఉంది. ‘వివక్ష నిర్మూలన’లో అది నాకు కనబడటం లేదు.

వ్యాఖ్య: ఫోరానికి ‘రచ్చబండ’ ఎంత బాగుంటుందో చూడండి! అచ్చ తెలుగు మాట. ప్రభుత్వం కూడా ఆ పేరుతో కార్యక్రమం పెట్టింది.

వ్యాఖ్య: దయచేసి ఆ మాట వద్దండీ. మా తాత మాదిగ. ఊళ్లో రచ్చబండ మీద ఆయన ఒక్కనాడూ కూర్చోలేదు. పిలిస్తే వెళ్లి, చెప్పులు చేత్తో పట్టుకుని, దూరంగా నిలబడేవాడు. తీర్పు అక్కణ్ణుంచే వినేవాడు. ఇలాంటి సభకు ఆ పేరు పెడితే మాలాంటివాళ్లం లోపలికి రాము. అలాగని జాతినీ కులాన్నీ కలిపి ఒకటే మాటతో సరిపెట్టొద్దు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కౌన్సిల్ వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని విడిగా చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. విడిగా పేరు పెట్టి చెప్పడం కోసం ఎంతోమంది కష్టపడ్డారు.

నా జవాబు: అక్కా, మీరు చెప్పకపోతే నేను రచ్చబండ అని రాసేసేదాన్నే. క్షమించండి. ఆ మాట తీసేశాను.

సమాసం కట్టడం మానేసి మామూలు వాక్యం రాశాను, చూడండి: ‘జాతిని, ఒంటి రంగును చూసి మన ఊళ్లో మనుషులకు జరిగిన, జరుగుతున్న అన్యాయాలను ఎలా సరిదిద్దాలో మాట్లాడుకుందాం. ఊరి సభకు అందరూ రండి.’ పొడుగైంది, ఒప్పుకుంటాను. పోస్టరు మీద రెండు లైన్లు పడుతుంది. కానీ ‘న్యాయం’ కంటే ‘అన్యాయం’ అన్న మాటే మన నోట్లో ఎక్కువ నలిగింది. “అన్యాయమండీ ఇది” అని కూరగాయల బండి దగ్గర కూడా అంటాం.

అమ్మకు మళ్లీ చూపించాను. “ఒంటి రంగు అంటే మనదీ ఉందిగా, నన్నూ రమ్మంటారా?” అంది. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో మన హైదరాబాద్ ఇంజినీరును జాతి ద్వేషంతో కాల్చి చంపిన రోజు రాత్రంతా ఆవిడ నాకు ఫోన్లు చేస్తూనే ఉంది. రమ్మన్నాను.

ఇంక ‘ఊరి సభ’ ఒక్కటే తేల్చాలి. సిటీని ‘ఊరు’ అంటే ఇక్కడి పిల్లలకు పల్లెటూరు అనిపిస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. ‘నగర సభ’ అంటే అసెంబ్లీలా ఉంది. శుక్రవారం లోపు కాగితం ఇచ్చేయాలి.